చెవితో చదువువారికి అధోజ్ఞాపికలు

సిద్దిపేట జిల్లా 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన ఏర్పడినది. ఈ విషయమును ఒక స్థానిక చరిత్ర గ్రంథమున వ్రాయుచు గ్రంథకర్త ‘జిల్లా ఏర్పడినది 2016’ అని వాక్యమును ముగించి, దానికి సంబంధించిన ప్రభుత్వోత్తర్వు వివరమును పుట అడుగున ఇచ్చుటకై సంవత్సరము ప్రక్కనే పైకెత్తిన చిన్న 4 అంకెను నిలిపెననుకొందము. కంటితో చదువువానికి ఇందు ఏ చిక్కును లేదు. పెద్ద అంకెలు సంవత్సరమనియు, చిన్న అంకె నాలుగవ అధోజ్ఞాపికకు గుర్తనియు అతడు రెప్పపాటులో గ్రహించును. ఆ పుస్తకమునే కంప్యూటరులో తెరచి, స్క్రీన్ రీడరు వినిపించుచుండగా చెవితో చదువుకొను అంధ పాఠకునికి మాత్రము పెద్ద అంకె, చిన్న అంకె అను భేదము తెలియదు. అక్షరపు పరిమాణమును తగ్గించి పైకి జరుపుట తప్ప మరేమియు చేయని పత్రములో, ఆ యంత్రము ఐదంకెలను ఒకే సంఖ్యగా కూర్చి, సిద్దిపేట జిల్లా ఏర్పడినది ఇరువది వేల నూట అరువది నాలుగు అని చదివి ముందునకు సాగిపోవును. సంవత్సరమును చెడినది, అధోజ్ఞాపిక యున్నదను వార్తయు అతనికి అందలేదు.

వాడుకలో ఫుట్‌నోటు అని మనము పిలుచు ఈ అధోజ్ఞాపిక చేయు పని చూచుటకు చిన్నది, ఆలోచించినచో పెద్దది. గ్రంథకర్త తన మాటకు ఆధారమును చూపుటయు, ప్రధాన ప్రసంగమునకు అడ్డురాని విశేషమును ప్రక్కగా చెప్పుటయు, తనతో విభేదించువారి మతమును పేర్కొనుటయు దీని మూలముననే సాధ్యమగుచున్నవి. 1949లో వెలువడిన సురవరం ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వంటి గ్రంథమున రచయిత చెప్పిన మాట ఎంత ముఖ్యమో, ఆ మాటను ఏ కావ్యమునుండి, ఏ శాసనమునుండి తెచ్చెనో తెలియుటయు అంతే ముఖ్యము. ఆధారమును పరీక్షించు అవకాశము లేని పాఠకుడు రచయితను నమ్మవలసినవాడే గాని, అతనితో వాదించుటకు అధికారము గలవాడు కాడు. అంధులైన విద్యార్థులకు మూలపాఠమును మాత్రము అందించి అధోజ్ఞాపికలను విడిచిపెట్టుట, వారిని ఆ నమ్మవలసినవారి స్థానముననే కూర్చుండబెట్టుట యగును. ఇది నాకు సమ్మతము గాదు.

మూలము ప్రక్కన వివరణమును నడిపించు విద్య ఈ ప్రాంతమునకు క్రొత్తది గాదు. సిద్దిపేట ఒకప్పుడు మెదకు జిల్లాలోనిది; ఆ జిల్లాలోని కొల్చారము గ్రామము కోలాచల మల్లినాథసూరి నివాసమని ప్రసిద్ధి. కాళిదాసుని కావ్యత్రయమునకు సంజీవనియు, కిరాతార్జునీయమునకు ఘంటాపథమును, శిశుపాలవధకు సర్వంకషయు వ్రాసిన ఆ మహావ్యాఖ్యాత, మూలాధారము లేని మాటను తాను వ్రాయనని నియమము పెట్టుకొన్నవాడు. ఆ కావ్యములను నేడు మనము శ్లోకము పైన, వ్యాఖ్య క్రింద ముద్రించిన పుటలలో చూచుచున్నాము. కాని గురుముఖమున చదువుకొన్న శిష్యునికి ఆ పైయును లేదు, క్రిందయును లేదు. గురువు శ్లోకమును పఠించును, అన్వయము చెప్పును, ప్రతిపదార్థమును విప్పును, కోశమునుండి ప్రమాణమును చూపును, ఇంత దూరము పోయిన పిమ్మట, శిష్యుడు ఎచ్చట నిలిచియున్నాడో మరువక, శ్లోకమును మరల పఠించి అతనిని తెచ్చి మూలమున నిలుపును. చెవితో చదువువానికి వ్యాఖ్యానము ఎట్లందవలెనో ఆ పాఠశాలలకు తెలియును. మూలమునుండి వ్యాఖ్యకు పోవు దారియు, వ్యాఖ్యనుండి మూలమునకు తిరిగి వచ్చు దారియు, రెండును గురువు కంఠముననే యుండెడివి. నేటి కంప్యూటరు పత్రములో లోపించినవి సరిగా ఆ రెండే, అందును ముఖ్యముగా రెండవది.

కన్ను అధోజ్ఞాపికను చదువునపుడు జరుగు వ్యాపారమును నిదానముగా గమనింతము. గుర్తు కనబడగనే పాఠకుడు దిగవలెనా వద్దా అని నిశ్చయించుకొనును. దిగదలచినచో దృష్టి పుట అడుగునకు జారి అదే అంకెను వెదకి పట్టును. చదివిన పిమ్మట విడిచిన పంక్తికే తిరిగి లేచును. ఈ తిరుగు ప్రయాణమునకు కంటికి ఏ సహాయమును అక్కరలేదు. ఏలయనగా పుట మొత్తము ఎదుటనే యున్నది, విడిచిన చోటు కనుకొనలలో మిగిలియే యున్నది. చెవికి ఆ సౌకర్యము లేదు. ధ్వని కాలమున నడచునది. ఒక మాట వినబడునప్పటికి దాని ముందరి మాట గతించియుండును. హైదరాబాదునుండి కరీంనగరము పోవు బస్సు సిద్దిపేటలో ఆగినపుడు మంచినీళ్లకై దిగిన ప్రయాణికుడు తిరిగి వచ్చి తన బస్సును, తన సీటును గుర్తుపట్టలేకపోయినచో, దిగినందుకు పశ్చాత్తాపపడి మరి ఏ ఊరిలోను దిగడు. తిరిగి వచ్చు దారి లేని అధోజ్ఞాపికల విషయమున చెవి పాఠకుడు చేయునదియు అదే. రెండు మూడు పర్యాయములు దారి తప్పిన పిమ్మట గుర్తు వినబడినను దిగడు.

ఇక స్క్రీన్ రీడరు ఎట్లు పనిచేయునో కొంత తెలిసికొనవలెను. ఇది తెరను కెమెరాతో చూచి చదువు యంత్రము గాదు. పత్రములో నిక్షిప్తమైన అక్షర సంకేతములను, వాటి వరుసను, ఇది శీర్షిక, ఇది పట్టిక, ఇది లంకె అని వాటికి తగిలించిన గుర్తులను గ్రహించి, ఆ వరుసనే కృత్రిమ కంఠమునకు అప్పగించును. ప్రమాదమున చూపు కోల్పోయిన టెడ్ హెంటర్ అమెరికాలో నెలకొల్పిన సంస్థ నుండి జాస్ అను స్క్రీన్ రీడరు వెలువడినది. 2006లో మైకేల్ కరన్ అను అంధ యువకుడు ఆస్ట్రేలియాలో ఆరంభించిన ఎన్‌వీడీఏ ఉచితముగా లభించుచున్నది. దానితో వచ్చు ఈస్పీక్ కంఠమునకు తెలుగు వచ్చును. ఆండ్రాయిడ్ ఫోనులలో టాక్‌బ్యాక్ కలదు. కావున సిద్దిపేటలోని ఒక అంధ విద్యార్థికి నేడు యంత్రము దొరకుట పెద్ద సమస్య గాదు. ఆ యంత్రము చదువదగిన పత్రము దొరకుటయే సమస్య. పత్రములో వరుస తప్పినచో యంత్రము తప్పిన వరుసనే చదువును. గుర్తు తగిలింపనిచో అది అధోజ్ఞాపిక యని యంత్రమునకు ఎట్లు తెలియును?

వరుస తప్పుట తెలుగున ఎంత నష్టము చేయునో ఒక వాక్యమును పట్టుకొని చూపెదను. సిద్దిపేటను గూర్చి ఒక పుస్తకమున్నదనియు, దాని ప్రతి పుట తలకట్టున ‘సిద్దిపేట చరిత్ర’ అని అచ్చువేసిరనియు భావింపుడు. అందు ఒక పుట చివర ఇట్లున్నది: ‘1925లో సిద్దిపేటలో జన్మించి, నకాషీ సంప్రదాయమునుండి ప్రేరణ గైకొని, తెలంగాణ పల్లె బ్రదుకును రంగులలో నిలిపిన చిత్రకారుడు కాపు రాజయ్య’. ఇంతలో పుట ముగిసినది. అడుగున రెండు అధోజ్ఞాపికలు, ఒక పుట సంఖ్య. తరువాతి పుట నెత్తిన తలకట్టు. అటుపిమ్మట ‘2012లో పరమపదించెను’ అని వాక్యము పూర్తియైనది. గుర్తులు తగిలింపని పీడీఎఫ్‌ను యంత్రము పైనుండి క్రిందికి చదువుకొనిపోవును గావున పాఠకునికి వినబడునది ఇది: ‘చిత్రకారుడు కాపు రాజయ్య, ఒకటి, చూ, రెండు, పైదే, పు, ముప్పది యొకటి, ఏబది యేడు, సిద్దిపేట చరిత్ర, 2012లో పరమపదించెను.’ మన భాషలో క్రియ వాక్యాంతమున వచ్చును. అసమాపక క్రియల మాలను మోసికొనుచు శ్రోత చివరి సమాపక క్రియకై ఎదురుచూచును. ఇంగ్లీషు వాక్యమున కర్త ప్రక్కనే క్రియ యుండుటచేత నడుమ అధోజ్ఞాపిక చొరబడినను అర్థము కొంతవరకు నిలుచును. తెలుగు వాక్యము నడుమ చొరబడినచో కర్తకు క్రియ దూరమగుటయే గాక, ఆ క్రియ పోయి పరాయి కర్తను పట్టుకొనును. దీర్ఘ వాక్యములను ఇష్టపడు మనవంటివారు ఈ విషయమున ఇంకను జాగ్రత్తపడవలసియున్నది.

ఈ చిక్కునకు తోడు మనకు ప్రత్యేకమైనది మరొకటి కలదు. పట్టణములలోని డీటీపీ కేంద్రములలో తెలుగు పుస్తకములు చాలకాలము పేజీమేకరులో, అను వంటి ఫాంట్లతో కూర్పబడినవి. తెలుగు ప్రచురణకు ఆ ఫాంట్లు చేసిన మేలు తక్కువది గాదు. అయితే వాటిలో మనకు ‘క’ యని కనబడు ఆకృతి వెనుక నిలిచిన సంకేతము తెలుగు ‘క’ది గాక ఏ ఇంగ్లీషు అక్షరముదో, ఏ విరామ చిహ్నముదో అయియుండును, అచ్చుకాగితముపై ఈ తేడా కనబడదు గాని, సంకేతమునే చదువు స్క్రీన్ రీడరునకు ఆ పుట అంతయు అర్థరహితమైన ఇంగ్లీషు అక్షరముల గుంపు. 1991నుండి యూనికోడ్‌లో తెలుగునకు స్వంత సంకేతములు ఉన్నవి. వాటిలో కూర్చిన పుస్తకము తప్ప తక్కినది చెవికి పుస్తకమే గాదు. అందుచేత అధోజ్ఞాపికలను చక్కదిద్దుటకు పూర్వము మూలము యూనికోడ్‌లో నుండుట ప్రథమ సోపానము.

పాత పుస్తకములను స్కాను చేసి ఓసీఆర్ మూలమున అక్షరములుగా మార్చునపుడును అధోజ్ఞాపిక గుర్తే మొదట నష్టపోవును. పైకెత్తిన చిన్న అంకెను యంత్రము ఒకచోట పూర్తిగా వదలివేయును, ఒకచోట ముందరి మాటకు అతికించును, మరియొకచోట తెలుగు అంకెలలోని ౦ను అనుస్వారముగా భ్రమించును. నక్షత్రపు గుర్తు, కటారి గుర్తు వాడిన పుస్తకములలో అవి ధూళిబిందువులుగా ఎంచబడి మాయమగుటయు కలదు. మనుష్యుడు కూర్చుండి గుర్తును, జ్ఞాపికను జతపరుపక తప్పదు. ఆ పనిని తెలుగు వికీసోర్సులో స్వచ్ఛందముగా చేయువారున్నారు. వారు అధోజ్ఞాపికను మూలములో అది వచ్చిన చోటనే ఒక ప్రత్యేక గుర్తులో పొదిగి వ్రాయగా, అంకె వేయుట, అడుగునకు చేర్చుట, రెండు వైపుల లంకెలు కట్టుట అను పనులను యంత్రమే నిర్వహించును.

ఇందలి మర్మమంతయు ఈ పద్ధతిలోనే యున్నది. అధోజ్ఞాపిక యొక్క రూపును చేతితో గీయరాదు. అది అధోజ్ఞాపిక యని పత్రమునకు చెప్పవలెను. వర్డులో వ్రాయువారు అంకెను టైపు చేసి పైకెత్తి, పుట అడుగున గీత గీసి చిన్న అక్షరములతో వివరము వ్రాయుటకు పట్టు కాలముకంటె, ఆల్ట్, కంట్రోల్, ఎఫ్ మీటలను కలిపి నొక్కుటకు పట్టు కాలము చాల తక్కువ. ఇట్లు చేర్చిన అధోజ్ఞాపికను స్క్రీన్ రీడరు గుర్తించును. నడుమ క్రొత్తదానిని చేర్చినను అంకెలు వాటంతట అవే సవరింపబడును. అదే పత్రమును ట్యాగులతో గూడిన పీడీఎఫ్‌గా మార్చినపుడు గుర్తునకు, జ్ఞాపికకు గల సంబంధము వెంట వచ్చును. అందరికిని అందు పీడీఎఫ్ ఎట్లుండవలెనో నిర్ణయించు అంతర్జాతీయ ప్రమాణము 2012లోనే వెలువడినది. ప్రతి జ్ఞాపికయు ప్రత్యేకమైన గుర్తింపు కలిగియుండవలెనని అది విధించుచున్నది.

వెబ్ పుటలకును ఈపబ్ పుస్తకములకును 2017 డిసెంబరులో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియము డీపబ్-ఏరియా అను ప్రమాణమును ఆమోదించినది. అందు మూలములోని గుర్తునకు ఒక పాత్రయు, అడుగుననున్న జ్ఞాపికకు ఒక పాత్రయు, జ్ఞాపిక చివర తిరిగి మూలమునకు చేర్చు లంకెకు ఒక పాత్రయు వేర్వేరుగా నిర్ణయింపబడినవి. తిరుగు లంకెకు ప్రత్యేకముగా పేరు పెట్టి గౌరవించుట నాకు మిక్కిలి సంతోషము కలిగించినది. గురువు శ్లోకమును మరల పఠించుటకు ఇది యంత్రములోని రూపము. అయినను ఈ పాత్రలను స్క్రీన్ రీడర్లన్నియు ఒకే తీరున పలుకుట లేదు. కావున పాత్రను నిర్ణయించుటతో తృప్తిపడక, లంకె పేరులోనే ‘అధోజ్ఞాపిక 4’ అనియు, తిరుగు లంకె పేరులో ‘4వ గుర్తునకు తిరిగి పొండు’ అనియు స్పష్టముగా నుంచవలెను. కంటికి చిన్న 4 అంకెయే కనబడవచ్చును. చెవికి మాత్రము పూర్తి పేరు వినబడవలెను. ఎన్‌వీడీఏ వాడువారు రెండు మీటలను కలిపి నొక్కి పుటలోని లంకెలన్నిటిని జాబితాగా తెచ్చుకొందురు. ఆ జాబితాలో ఒకటి, రెండు, మూడు అని వట్టి అంకెలు వినబడిన ఏది దేనికి పోవునో వారెట్లు తెలిసికొందురు? తిరుగు లంకెకు కొందరు వంకర బాణపు గుర్తును మాత్రమే వేయుదురు. ఆ బాణము పేరును యంత్రము ఇంగ్లీషున చదువును, లేదా మౌనము వహించును.

భాషను ప్రకటించుటయు మరువరాదు. ఈ పుట తెలుగుదని పత్రము చెప్పనిచో, ఇంగ్లీషు కంఠము తెలుగు అక్షరములను ఎదుర్కొని నిలిచిపోవును. తెలుగు మూలమునకు అడుగున ఇంగ్లీషు గ్రంథమును ఉదాహరించిన జ్ఞాపికలో ఆ భాగము ఇంగ్లీషని వేరుగా గుర్తు పెట్టినచో, కంఠము దానంతట అది మారి చదువును.

యంత్రము చేయలేక రచయితయే చేయవలసిన పనులు కొన్ని మిగిలియున్నవి. గుర్తును మాట నడుమ పెట్టరాదు. ‘2016’కు ‘లో’ అను విభక్తికి మధ్య అంకెను చొప్పించు అలవాటు మన పుస్తకములలో తరచు కనబడును. యంత్రము అచ్చట మాటను తెగగొట్టి, విభక్తిని అనాథగా పలుకును. వాక్యము ముగిసిన పిమ్మట, విరామ చిహ్నమునకు తరువాత గుర్తును నిలుపుట చెవికి హితము. ‘చూ.’, ‘పు.’, ‘సం.’ అను సంక్షేపములు కంటికి పరిచితములు. చెవికి అవి నిరర్థక ధ్వనులు. ‘చూడుడు’, ‘పుట’, ‘సంపుటము’ అని పూర్తిగా వ్రాసినందువలన కంప్యూటరు పత్రములో కాగితము ఖర్చేమియు పెరుగదు. అన్నిటికంటె ‘పైదే’ అనుమాట నాకు ఎక్కువ బాధ కలిగించుచున్నది. పదునేడవ జ్ఞాపికలో ఆ మాట యున్నదనుకొందము. కంటితో చూచువానికి పదునారవ జ్ఞాపిక దాని నెత్తిననే యున్నది. లంకె పట్టుకొని మూలమునుండి నేరుగా పదునేడవ జ్ఞాపికపై వ్రాలిన అంధ పాఠకునికి ‘పైదే’ యని వినబడిన, ఏ పైది? అతడు పదునారవదానికి పోవలెను. అచ్చటను ‘పైదే’ యున్నచో ఇంకను పైకి పోవలెను. గ్రంథనామమును సంక్షిప్తముగానైనను ప్రతి జ్ఞాపికలోను మరల చెప్పుటయే న్యాయము.

మౌసును గుర్తుపైకి తెచ్చినంతనే చిన్న పెట్టెలో తెరచుకొని, జరిపినంతనే మాయమగు జ్ఞాపికలు ఈమధ్య వేడుకగా కనబడుచున్నవి. మౌసు వాడనివానికి అవి లేనట్లే. అట్టివి కీబోర్డుతోను తెరచుకొని, పాఠకుడు మూయువరకో, అచ్చటినుండి కదలువరకో నిలిచియుండవలెనని 2018నాటి వెబ్ సౌలభ్య మార్గదర్శకములు చెప్పుచున్నవి. దీనికి విరుద్ధమైన అతిశయమును చూచితిని: గుర్తు రాగానే జ్ఞాపిక మొత్తమును పాఠకుడు అడుగకయే వినిపించునట్లు కొందరు అమర్చుదురు. అరపుట పొడవున్న వివరణము వాక్యము నడుమ దూకినచో, అది సహాయము గాదు. పోవుటయు పోకుండుటయు పాఠకుని యిష్టము. 1996లో ఏర్పడిన డైసీ కన్సార్టియము రూపొందించిన ధ్వని గ్రంథ ప్రమాణములలో ఈ స్వేచ్ఛను చక్కగా పాటించిరి: అధోజ్ఞాపికలు వినిపింపవలెనా, పుట సంఖ్యలు పలుకవలెనా అను విషయమును శ్రోతయే ముందుగా నిర్ణయించుకొనవచ్చును, నవలగా వినువాడు వాటిని ఆపివేయును, పరీక్షకై చదువువాడు తెరచియుంచును.

చట్టము ఈ దారిలో కొంత దూరము నడచినది. 2012లో కాపీరైటు చట్టమును సవరించి, అచ్చుపుస్తకము చదువలేనివారికై అందుబాటు ప్రతులను సిద్ధము చేయుటకు అనుమతించిరి. అంధుల గ్రంథ సౌకర్యమునకై 2013లో మరాకేష్‌లో కుదిరిన ఒడంబడికను మరుసటి యేట తొట్టతొలుత ధ్రువీకరించినది భారతదేశమే. 2016 ఆగస్టులో సుగమ్య పుస్తకాలయ అను ఆన్‌లైను గ్రంథాలయము తెరువబడినది. ఆ యేడే వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టము 42వ సెక్షనులో సమాచారమంతయు అందుబాటు రూపములో నుండవలెనని చెప్పినది. సౌలభ్య నియమములు కేవలము సలహాలుగా గాక తప్పనిసరిగా నుండవలెనని సుప్రీము కోర్టు 2024 నవంబరులో తీర్పు చెప్పినది. ఇవి అన్నియు పుస్తకమును తెరచు హక్కును ఇచ్చును. పుస్తకము లోపల పదునేడవ జ్ఞాపిక ఎచ్చట నున్నదో చూపవలసినవాడు కూర్పరియే, ప్రచురణకర్తయే.

తాను సిద్ధము చేసిన పత్రము ఎట్లు వినబడునో కూర్పరి స్వయముగా తెలిసికొనవచ్చును. ఎన్‌వీడీఏను దించుకొని, తెరను ఆర్పి, అధోజ్ఞాపికలున్న రెండు పుటలను వినవలెను. గుర్తు దగ్గర ఎంటరు మీట నొక్కి జ్ఞాపికకు పోయి, తిరిగి రావలెను. వచ్చినపుడు వినబడిన మొదటి మాట, తాను విడిచిన వాక్యములోనిదో కాదో గమనింపవలెను. అచ్చుతప్పులు దిద్దువారు ప్రూఫు చదువు పనిలో దీనిని ఒక భాగముగా చేర్చుకొనుట మేలు.

ఒక చిక్కు మాత్రము ఇంకను పూర్తిగా తీరలేదు. ఒకే గ్రంథమును ఐదుచోట్ల ఉదాహరించినపుడు వెబ్ పుటలలో ఒకే జ్ఞాపికకు ఐదు తిరుగు లంకెలు వరుసగా నిలుచును. మూడవ చోటినుండి వచ్చినవాడు ఏ లంకె పట్టుకొని పోవలెను? కంప్యూటరులో ఆల్ట్ మీటతో ఎడమ బాణమును నొక్కినచో బ్రౌజరు సాధారణముగా అతడు విడిచిన చోటికే చేర్చును. ఫోనులో వ్రేలితో చదువువానికి ఆ మీటలు లేవు. వెనుకకు పోవు ఆజ్ఞ కొన్ని యాపులలో పుస్తకమునే మూసివేయును. అందుచేత ఆ ఐదు లంకెలకును వేర్వేరు పేర్లు పెట్టి, ‘రెండవ అధ్యాయము, 12వ పేరాకు తిరిగి పొండు’, ‘మూడవ అధ్యాయము, 5వ పేరాకు తిరిగి పొండు’ అని పలుకునట్లు చేయుట ఇప్పటికి దొరకిన ఉపాయము. ఇది కూర్పరికి కొంత అధిక శ్రమయే. పేరాలకు ముందే అంకెలు వేసికొన్న పుస్తకములో ఆ శ్రమయు చాలవరకు తగ్గును.